ఇద్దరు కనకలకి ఒక్క కార్డు

తప్పు నాదే. ముందే ఒప్పీసుకుంటన్నాను, తరవాత ఎవులూ నన్ను దెప్పక్కర్నేదు. మా అత్త మీదకి తోసీడానికి నేదు, ఆ ముసల్ది మట్టిలో కలిసి నాలుగేళ్ళయిపోనాది.

మా పెద్దగుంట పేరు కనక. దానికి నాలుగేళ్ళప్పుడు జొరమొచ్చింది. నానూ మా ఆయన భీముడూ డోలీ కట్టి కొండ కింద ఆసుపత్రికి మోసుకెళ్తంటే గెడ్డ నీళ్ళు దాటకముందే కళ్ళు తేలేసింది. రెండేళ్ళకి నాకు మళ్ళీ గుంట పుట్టింది. మా కొండమీద, పోయినోళ్ళు ఆ ఇంట్లోనే మళ్ళీ పుడతారని నమ్మకం. పుట్టినోళ్ళకి ఆ పేరే ఎడతాం. నాను ఒళ్ళోకి తీసుకోకముందే మా అత్త దాని ఈపు తిప్పి సూసి, "ఇదిగోనే అదే మచ్చ, నా కనక తిరిగొచ్చీసింది" అని బోరుమంది. నానూ ఏడిసినాను. సంబరంతో ఏడిసినాను. పోయిన పిల్ల తిరిగొత్తే ఏ తల్లి కాదంటాది, మీరే సెప్పండి?

మరి తిరిగొచ్చిన పిల్లకి కొత్త కార్డెందుకు? పెద్దదానికి మూడేళ్ళప్పుడు ఊళ్ళోకొచ్చి ఫొటో తీసి ఇచ్చిన ఆధార్ కార్డు బియ్యం డబ్బాలో ఉంది. చిన్నదానికి ఐదేళ్ళు నిండినాక వేలిముద్రలెయ్యాలంటే, ఆ కార్డే అట్టుకెళ్ళి దీని వేళ్ళు పెట్టించీసినాను. ఫొటో మార్చినారు. ఎవులూ ఏటీ అడగనేదు. పుట్టిన తేదీ మాత్రం పెద్దదాందే ఉండిపోనాది. నాకు సదువొత్తే కదా సూసుకోడానికి!

మా ఊరి బడి ఐదో తరగతితో సరి. హైస్కూలుకి రోజూ దిగి ఎక్కడం పిల్లల వల్ల కాదు. అందుకే ఐదైపోయిన గుంటలు మేకలెనక్కీ, కాఫీతోటలకీ, మరి రెండు మూడేళ్ళకి పెళ్ళికీ. నా బతుకూ అంతే. కనక అలాగ కాకూడదని నాను మొండికేసినాను. అది సంతలో కొన్న ఉప్పు పేకెట్టు మీద రాతలు కూడా గడగడా సదివీస్తాది. మేష్టారు అప్లికేషను పెడితే కింద ఆడపిల్లల గురుకులంలో ఆరో తరగతికి సీటొచ్చింది. మా ఊర్నుంచి అదే మొదటి గుంట. హుకుంపేట సంతలో రేకుపెట్టె కొని, కొత్త గౌనేసి, సంబరంగా తీసుకెళ్ళినాను.

అక్కడ బడికి పెద్ద, క్రిస్టినా మేడం, కంప్యూటర్లో కార్డు నంబరు కొట్టి, నా మొహం సూసి, కనక మొహం సూసింది.

"పదిహేడేళ్ళ పిల్లకి ఆరో తరగతేంటమ్మా?"

ఓలమ్మ! గుంట తలకాయ బల్ల దాటి అంతంత మాత్రం కనిపిస్తంది. సంగతంతా సెప్పినాను. ఆవిడ మంచిదే, కసురుకోనేదు. "ఇరవయ్యో తారీకు దాకా సీటు ఆపుతాను. బేగి కార్డు సరిచేయించుకురా" అంది.

నాను అట్నుంచటే మా సచివాలయానికి పరిగెట్టినాను. అక్కడ కార్డుల పని సూసే కామేష్ అంతా ఇని, "పెద్దపిల్ల చనిపోయినట్టు ముందు రాయిద్దాం. తర్వాత ఈ పాపకి పుట్టినట్టు కాగితం తీసి, కొత్త కార్డు పెడదాం" అన్నాడు.

"అది సచ్చిపోనేదు బాబూ. ఇదిగో, నిలబడుంది."

"చచ్చిపోయిందా లేదా? ఒక్క మాట చెప్పమ్మా."

కనక నా సీర కొంగు లాగి, "సచ్చిపోనాదని సెప్పియ్యే అమ్మా, నా సీటు పోతాది" అంది. కళ్ళు మూసుకుని వేలిముద్ర ఏసినాను. డోలీలో పోయినప్పుడు నా సేతిలో ఏటీ నేదు. ఈపాలి నా సేత్తోనే పంపీసినానని ఏడిసినాను.

తొమ్మిది రోజులు పట్టింది ఆ సావు కాగితం రాడానికి. పుట్టిన కాగితం కూడా తీసినాక, కొత్త కార్డు కోసం కనకని మిషను ముందు కూకోబెట్టినారు. అది వేళ్ళు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటే.

"మట్టి ఉందేమో సార్" అని కనక వేళ్ళని గౌనుకి రుద్దుకుంది. ఉమ్ము రాసి రుద్దుకుంది. బయట కుళాయికెళ్ళి కడుక్కొచ్చి మళ్ళీ పెట్టింది. కామేష్ మొహం పాలిపోనాది.

"ఈ వేళ్ళు చనిపోయిన మనిషివని చూపిస్తోందమ్మా. పాత కార్డు మీద ఈ పాప ముద్రలే ఉన్నాయి. ఆ కార్డుని మనమే చనిపోయినట్టు రాయించాం."

"ఓరి నీ మిషను తగలెయ్యా! గుంట నీ ఎదురుగా కూకుని ఊపిరి తీస్తంటే కనబడ్నేదేటి? నీకు కళ్ళు నేవా?" అని బల్ల మీద గుద్దినాను. ఆడేటి సేత్తాడు. పైకి రాయాలంట, అక్కణ్ణుంచి ఇంకా పైకంట, ఆర్నెల్లు పడతాదంట. బతికున్న పిల్లని సంపడానికి తొమ్మిది రోజులు, బతికించడానికి ఆర్నెల్లూను.

ఇరవయ్యో తారీకున కనకనీ రేకుపెట్టెనీ ఏసుకుని మళ్ళీ గురుకులానికెళ్ళినాను. మేడం కాళ్ళట్టుకున్నాను. "నేలమీద కూకుంటాది తల్లీ, ఓ మూల కూకుంటాది, పేరు రాయకపోనా పర్వానేదు" అన్నాను. ఆవిడ నన్ను లేవదీసి, "నంబరు లేని పిల్లని ఉంచుకుంటే నా ఉద్యోగం పోతుందమ్మా" అని తనూ కళ్ళు తుడుసుకుంది. సాయంత్రానికి ఆ సీటు ఇంకో గుంటకి ఇచ్చీసినారు. ఆ గుంట తప్పేటి, దానికీ సదువు కావాల.

జీపు దిగి కొండెక్కుతుంటే రేకుపెట్టె నా నెత్తిమీదుంది. కనక ముందు నడుస్తంది. ఏడవనేదు. నాకే ఆగక, "ఒలే, వచ్చే ఏడు సూద్దాం నే" అన్నాను. అది ఆగి ఎనక్కి తిరిగింది.

"అమ్మా, నాను సచ్చిపోయి మళ్ళీ నీకే పుడితే, అప్పుడు నాకు ఏరే పేరెట్టి కొత్త కార్డు తీత్తావేటి?"

పెట్టె కింద పడీసి దాని సెంప పగలగొట్టినాను. ఎంటనే కావిలించుకుని ఆ దారిలోనే కూలబడిపోయినాను. అది కోపంగా అన్నేదు, ఏడుస్తా అన్నేదు. నిజంగా అడిగింది. మేం నమ్మి సెప్పిన మాటే కదా, అదీ నమ్మీసింది.

ఆ రోజు మొదలు దాన్ని ఒక్కదాన్నీ ఎక్కడికీ ఒగ్గట్నేదు. నీళ్ళకెళ్ళినా, తోటకెళ్ళినా దాని సెయ్యి అట్టుకునే తిరుగుతున్నాను. భీముడు నాకు పిచ్చెక్కిందంటన్నాడు. అననీ.