పోయినవాళ్ళకి ముందు

ఆ ఏడాది రంజాన్ అయ్యాక ఇంటికి వెళ్ళిపోవాలని నాగదుర్గ గట్టిగా అనుకుంది. సెలవుకి కాదు, ఖలాస్, ఇక తిరిగి రాకుండా. సెలవుకి వెళ్ళిన మూడుసార్లూ కొడుకు సాయిరామ్ ఆమె దగ్గరికి రావడానికి సిగ్గుపడి తలుపు చాటున నిలబడేవాడు. ఆ సిగ్గు కాస్తా వదిలి ఒళ్ళో పడుకునే వేళకి ఆమె మళ్ళీ విమానం ఎక్కాల్సి వచ్చేది. రెండేళ్ళ పిల్లాణ్ణి అక్క చేతుల్లో పెట్టి కువైట్ వచ్చిన తల్లికి పదకొండేళ్ళయ్యాక మిగిలిన కోరిక ఒక్కటే. వాడికి మీసాలు రాకముందే వాడూ తనూ ఒక ఇంట్లో ఉండాలి.

జాబ్రియాలో ఆమె వంట చేసే ఇంటి యజమానురాలికి ఈ సంగతి ముందే చెప్పింది. అక్కడి పనివాళ్ళందరూ ఇంటావిడని పిలిచినట్టే ఆమె కూడా ఆవిడని మామా అంటుంది. మామా రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తన పాత సూట్‌కేసు ఒకటి తెచ్చి ఇచ్చింది. దాన్ని నాగదుర్గ మంచం పక్కనే పెట్టుకుంది. మెట్లకింద గదిలో అది అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు, అయినా పైకెత్తి పెట్టబుద్ధి కాలేదు.

ఆమె ధీమా అంతా సొసైటీలో వేసిన డిపాజిట్. అమలాపురం దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. కొబ్బరి చెట్టు మీంచి పడి భర్త పోయాక కువైట్ వచ్చి, ఐదేళ్ళ జీతంలో మిగిల్చిందంతా టౌనులోని ఒక సహకార పరపతి సొసైటీలో వేసింది. బ్యాంకు కన్నా వడ్డీ ఎక్కువిస్తారని, మేనేజరు మనకి తెలిసినవాడేనని అక్క లక్ష్మీదుర్గ చెప్పింది. నామినీగా సాయిరామ్ పేరు, వాడు మైనరు గనుక సంరక్షకురాలిగా అక్క పేరు రాయించారు. అక్క పేరు కాకపోతే ఇంకెవరి పేరు రాయిస్తుంది? గడువు తీరితే ఏడు లక్షలొస్తాయి. రెండు గదుల ఇల్లు, వీధి గదిలో టిఫిన్ల కొట్టు. ఇక్కడి మాంసం పలావులు, ఈ మచ్‌బూసులు వండీ వండీ ఇడ్లీ పిండి పులియబెట్టడం మర్చిపోయానేమోనని పక్కింట్లో పనిచేసే ముబీనాతో అని నవ్వేది. ముబీనాది రాయచోటి. చెత్త సంచులు పడెయ్యడానికి ఇద్దరూ ఒకే వేళకి వీధిలోకొచ్చేవారు. కష్టం సుఖం చెప్పుకోవడానికి వాళ్ళకి దొరికేది ఆ కాస్త సేపే.

గడువు తీరింది. సొసైటీవాళ్ళు డబ్బు తప్ప అన్నీ ఇచ్చారు. లక్ష్మీదుర్గ వెళ్ళినప్పుడల్లా కుర్చీ ఇచ్చారు, మంచినీళ్ళిచ్చారు, వచ్చే నెల అని మాట ఇచ్చారు. కొన్నాళ్ళకి కుర్చీలు తీసేశారు. తరవాత షట్టరు సగం దించారు. డిపాజిటర్లు గేటు దగ్గర పోగైన ప్రతిసారీ ఛైర్మన్‌కి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో పడుకునేవాడు. పెద్దమనిషి, ఆయన గుండెకి కూడా వాయిదాలు తెలుసు.

ఒక మధ్యాహ్నం మామా కునుకు తీస్తున్న వేళ లక్ష్మీదుర్గ ఫోన్ చేసింది.

"పోయినోళ్ళకి ముందు ఇత్తారంట," అంది. "డిపాజిట్ ఏసినోళ్ళు పోతే, ఆళ్ళ నామినీలు కాయితాలు అట్టుకెళ్తే చెక్కు ఇచ్చేత్తన్నారు. బతికున్నోళ్ళకి తరవాతంట."

నాగదుర్గకి నవ్వొచ్చింది. "అయితే నేను చత్తే గాని రావన్నమాట. పోనీ చచ్చాననుకో అక్కా."

ఎప్పుడైనా ఇలాంటి మాట అంటే లక్ష్మీదుర్గ అంతెత్తున లేచేది. ఆ రోజు మాత్రం అన్నం పొయ్యి మీద ఉందని ఫోన్ పెట్టేసింది. అక్కకి చిరాకుగా ఉందనుకుంది నాగదుర్గ. ఉండదా మరి? బావ వేసిన రొయ్యల చెరువులు రెండు పంటలు వరసగా వైరస్ వచ్చి తుడిచిపెట్టుకుపోయాయి. ఊళ్ళో అప్పులవాళ్ళకి మొహం చూపించలేక, టౌనులో తమనెవరూ ఎరగని వీధిలో అద్దెకి దిగి ఆర్నెల్లయింది.

కార్తీకమాసంలో ఒక రోజు ఐమోలో వీడియో కాల్ చేస్తే సాయిరామ్ నున్నటి గుండుతో కనిపించాడు.

"గుండేంట్రా?" అంది నాగదుర్గ.

వాడు తల దించుకున్నాడు. వెనకనుంచి లక్ష్మీదుర్గ జవాబిచ్చింది. "వాడపల్లి ఎంకన్న మొక్కే. నీ డబ్బులు రావాలని."

నాగదుర్గకి కళ్ళనీళ్ళు ఆగలేదు. తన కోసం జుట్టు ఇచ్చాడు కన్నకొడుకు. గుండు చల్లగా ఉందా, నెత్తికి గంధం రాశారా అని అడిగి, ఫోన్లో బొమ్మ పట్టుకుని సాయంత్రం ముబీనాకి చూపించింది.

"బిడ్డ బంగారు దుర్గా," అంది ముబీనా. "ఇట్లాంటి బిడ్డను ఇడిసిపెట్టి ఇంకెన్నాళ్ళుంటావు, పో."

పోవాలంటే డబ్బు రావాలి. వేసవి మొదట్లో మామా కారు నడిపే నూర్ మహమ్మద్ ఒక కబురు మోసుకొచ్చాడు. కడపాయన. రిగ్గైలో తన గదిలో ఉండే ఒకతను ఇలాగే ఇంకేదో సొసైటీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేసి గెలిచాడని, ఆ ప్లీడరు నంబరు కూడా ఉందని చెప్పాడు. నాగదుర్గ ఉత్సాహంగా అక్కకి చెప్తే, అక్క వద్దంటే వద్దంది. "కోర్టులూ కచేరీలూ మనకెందుకే? ఇవాళ కాకపోతే రేపు ఆళ్ళే ఇత్తారు. అసలు రసీదు కూడా ఆడిట్‌కని ఆళ్ళే తీసుకున్నారు."

పుట్టి బుద్ధెరిగాక నాగదుర్గ అక్క మాట కాదన్నది ఆ ఒక్కసారే. నూర్ మహమ్మద్ కారులో ఎంబసీకి వెళ్ళి, తన తరఫున కేసు నడపమని రాసిన కాగితం మీద ముద్ర వేయించి, ఫోన్లో ఉన్న రసీదు ఫొటోతో సహా ప్లీడరు వెంకటసత్యనారాయణ గారికి పంపింది. ఆయన ఫీజు తక్కువే తీసుకున్నాడు. ఇలాంటి కేసులు చాలా చూశానమ్మా, ధైర్యంగా ఉండండి అన్నాడు.

ఆయన మళ్ళీ ఫోన్ చేసేటప్పటికి నాగదుర్గ వంటింట్లో ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది. రాత్రికి మామా చెల్లెళ్ళు భోజనానికి వస్తున్నారు.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"నాగదుర్గనండి."

"నాగదుర్గ గారేనా? ఖాయంగా మీరేనా?"

"నేనేనండి. నా ఫోన్ ఇంకెవరెత్తుతారండి?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సొసైటీ వాళ్ళు జవాబు దాఖలు చేశారమ్మా. మీరు చనిపోయారంటున్నారు. కిందటి కార్తీకమాసంలో ఇంటి దగ్గరే జ్వరంతో చనిపోయారట. డబ్బు మీ నామినీకి ఇచ్చేశామంటున్నారు."

నాగదుర్గ నవ్వేసింది. "డబ్బు ఎగ్గొట్టడానికి ఎంతకైనా తెగిత్తారండి ఆళ్ళు. మీరు నమ్మేరా?"

"కాదమ్మా. అన్నిట్లో అబద్ధాలాడతారు గాని ఈ ఒక్కదానికి వాళ్ళ దగ్గర సాక్ష్యం ఉంది. మరణ ధ్రువపత్రం ఉంది. చెక్కు తీసుకున్నట్టు సంరక్షకురాలి సంతకం ఉంది. సొసైటీ మనిషి విచారణకి ఇంటికెళ్ళి తీసిన ఫొటో కూడా పెట్టారు. గోడకి మీ పటం, దండ, ముందు దీపం. పక్కన మీ అబ్బాయి గుండుతో కూర్చుని ఉన్నాడు."

చేతిలో ఉన్న ఆకు విప్పుకుని బియ్యం గట్టు మీద పడ్డాయి. వాడపల్లి వెంకన్నకి కాదు. తన కొడుకు గుండు తనకే కొట్టించుకున్నాడు. తల్లి పోయిన కొడుకులు కొట్టించుకునే గుండు అది. దానికి గంధం రాశారా అని అడిగింది తను.

ప్లీడరు చెప్పాల్సినది చెప్పాడు. ముందు పంపిన కాగితం మీది ముద్ర దొంగదని వాళ్ళ వాదన, మళ్ళీ ఎంబసీకి వెళ్ళి బతికున్నట్టు సర్టిఫికెట్టు తెచ్చుకుంటే కేసు నిలబడుతుంది. కానీ సొసైటీలో ఇప్పుడు పైసా లేదు, గెలిచినా వచ్చేది తీర్పు కాగితమే. దొంగ పత్రం పెట్టి డబ్బు తీసుకున్నవాళ్ళ మీద మాత్రం పోలీసు కేసు తప్పదు. "సంతకం మీ అక్కగారిదమ్మా. ఆలోచించుకుని చెప్పండి. వాయిదా దాకా చూస్తాను."

నాగదుర్గ మిగిలిన ఆకులన్నీ చుట్టింది. ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. మామా చెల్లెళ్ళ ముందు చీవాట్లు పెడితే తల వంచుకుని విన్నది.

మర్నాడు అక్కకి ఫోన్ చేసింది. లక్ష్మీదుర్గ బుకాయించలేదు, అది మాత్రం చెప్పుకోవాలి.

"నేను చెయ్యకపోతే అయ్యీ వచ్చేవి కావే. బతికున్నోళ్ళలో ఒక్కళ్ళకి వచ్చినియ్యేమో చెప్పు."

"అయితే నా డబ్బులెక్కడే?"

"రొయ్యల మేత కంపినీవోళ్ళు బాకీకని ఇంటి మీదకొచ్చి కూచున్నారే. మీ బావ పురుగుమందు డబ్బా పక్కనెట్టుకుని పడుకున్నాడు రెండ్రోజులు. ఏం చెయ్యమంటావు? నిదానంగా తీరుద్దారనుకున్నాం. నువ్వే అన్నావు గదే, చచ్చాననుకోమని."

"అన్నాను," అంది నాగదుర్గ. "నిన్ను అనుకోమన్నాను. ఆడిచేత కూడా అనిపించావా? ఏడవమన్నావా ఆణ్ణి?"



"నేనేం అనలేదే," అంది లక్ష్మీదుర్గ. "ఆ పటం ముందు కూచోబెట్టేసరికి ఆడే ఏడిసేడు."

ఫోన్ సాయిరామ్ చేతికిచ్చింది. గొంతు మారుతోంది వాడికి, బొంగురుగా వచ్చింది.

"అమ్మా, నువ్వు రావద్దమ్మా."

"ఎందుకురా?"

"వత్తే పెద్దమ్మని పోలీసులు అట్టుకుపోతారంట. ఇక్కడ అందరికీ మా అమ్మ లేదని చెప్పేం. స్కూల్లో కూడా అలాగే చెప్పేను." గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, నువ్వు బాగానే ఉన్నావు గదా? నిజంగా?"

"ఉన్నాన్రా," అంది నాగదుర్గ. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఒంట్లో ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

ఎంబసీకి తీసుకెళ్తానని నూర్ మహమ్మద్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. ముబీనా మాత్రం చెత్త డబ్బా దగ్గర నిలబెట్టి కడిగేసింది. "బతికుండే మనిషివి బతికుండానని చెప్పుకునేదానికి ఏం భయం నీకు? వాళ్ళకు లేని సిగ్గు నీకెందుకు?"

"అక్కని జైల్లో ఎడితే ఆడికి అన్నం ఎవరెడతారు?"

"నువ్వు పోయి పెట్టు."

"ఏం పెట్టను, ముబీనా?" అంది నాగదుర్గ. "పోడానికి మొహం తప్ప నా దగ్గరేముంది? ఆ మొహం కనబడితేనే గదా వాళ్ళు జైలుకి."

ముబీనా సంచి డబ్బాలో పడేసి, చెయ్యి పైట చెంగుకి తుడుచుకుని, ఆమె భుజం మీద వేసింది.

వాయిదా నాటికి నాగదుర్గ ఏ కాగితమూ పంపలేదు. ఫోరం కేసు కొట్టేసింది. చనిపోయిన మనిషి పేరున కేసు ఎలా నడుస్తుంది? ప్లీడరు గారు మంచివాడు, మిగిలిన ఫీజు అడగలేదు. ఇంకో రెండేళ్ళు ఉంటానని నాగదుర్గ చెప్పగానే మామా అల్హమ్‌దులిల్లా అని ఆమె బుగ్గలు నిమిరి, జీతం ఐదు దీనార్లు పెంచింది. సూట్‌కేసు మంచం పక్కనుంచి అలమారా మీదికి వెళ్ళింది. గదిలో తిరగడానికి చోటు దొరికింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. లక్ష్మీదుర్గ ఫోన్ చేసి, చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, అప్పుడు అసలు సంగతికొచ్చింది.

"ఈదిలో అడుగుతున్నారే. తల్లికి సంవత్సరీకం కూడా ఎట్టలేదని పిల్లాణ్ణి అంటన్నారంట. ఆడు బడికెళ్ళనని కూచున్నాడు. సొసైటీ మనిషి ఇల్లు కూడా మా ఈది చివరే. బ్రాహ్మడికీ, పదిమంది భోజనాలకీ అయినా కావాలి. నా దగ్గర లేవే."

నాగదుర్గకి కోపం రావాలి. రాలేదు. కోపం బతికున్నవాళ్ళకి గదా అనిపించింది, ఆ ఆలోచనకి తనే భయపడింది.

"ఏం వండుతున్నావు?" అంది.

"ఏంటే?"

"నాకిట్టమైనియ్యే గదా వండాలి. కందాబచ్చలి వండు. ఆవ కాత్త ఎక్కువెయ్యి. సాయిరామ్ కూడా తింటాడు."

అవతల లక్ష్మీదుర్గ వెక్కుతోంది. నాగదుర్గ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం నూర్ మహమ్మద్ ఆమెని డబ్బు పంపే ఎక్స్ఛేంజీ దగ్గర దింపాడు. కౌంటర్లో తెలుగాయన, నెరిసిన మీసాలు. సివిల్ ఐడీ తీసుకుని, మొహంతో పోల్చి చూసి, తిరిగిచ్చాడు. ఆ కార్డు మీద బొమ్మ, పేరు, నంబరు అన్నీ ఉన్నాయి. కువైట్ లెక్కలో ఆమె బతికే ఉంది.

"ఎందుకు పంపుతున్నారమ్మా? కారణం రాయాలి."

"సంవత్సరీకం అండి."

ఆయన కీబోర్డు మీద చేతులు ఆపాడు. "అయ్యో. ఎవరిదమ్మా?"

"మా సాయిరామ్ వాళ్ళమ్మదండి."

"బాగా దగ్గరవాళ్ళా?"

"ఆయ్," అంది నాగదుర్గ.

ఆయన డబ్బు లెక్కపెట్టి, రసీదు మీద ముద్ర వేసి, గాజు కింద నుంచి ముందుకి తోశాడు. దూరదేశంలో ఉన్నవాళ్ళ కష్టం ఎరిగిన మనిషిలా ఉన్నాడు, మెల్లగా అడిగాడు.

"వెళ్ళడానికి కుదర్లేదా అమ్మా?"

నాగదుర్గ రసీదు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"రావద్దన్నారండి," అంది.