ముప్పై అయిదు

ముప్పై అయిదంటే ముప్పై అయిదే అని ఎంత ధీమాగా అన్నానో, ఈ స్పోర్ట్స్ కారుని నేనే కన్నట్టు, అంకె పెరిగితే చక్రం బయటికొస్తుందనుకున్నాను మరి, నిజం సరిగ్గా తలకిందులట, తగ్గేకొద్దీ బయటికొస్తుందట, చక్రాల షాపులో ఈ అద్దాల గదిలో కూర్చుని గోడమీద పట్టిక చదివితే ఇప్పుడు తెలిసింది, ఆఫ్‌సెట్ అంటే చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో చెప్పే అంకె అని, పక్కన బొమ్మ కూడా వేశారు, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

చక్రాలు ఆర్డరిచ్చిన రోజే ఈ షాపు మేస్త్రీ చెప్పాడు, నేలమీద చతికిలబడి టేపు పెట్టి కొలిచి, సార్, కొత్త చక్రాలు వెడల్పు కదా, నలభై అయిదైతేనే పడతాయి, ముప్పై అయిదైతే మలుపులో టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది అని, నేను నవ్వేసి, నీ టాక్సీల లెక్క దీనికి చెప్పకయ్యా అన్నాను, పక్కన మా ఆవిడ ఉంది, పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ ముందు ఏది తెలీదన్నాను గనక, తీరా మొన్న మొదటి మలుపులోనే కర్రుమంది, ఇదేం చప్పుడండీ అంది, మేస్త్రీ తెలివితక్కువతనం అన్నాను, కాస్తయినా తడుముకోలేదు, ఛీ.

అద్దానికవతల షాపు ఓనరు ఆ మేస్త్రీని దులిపేస్తున్నాడు, ఇరవై ఏళ్ల అనుభవం ఏం చేసుకోను, రేపట్నుంచి కార్ల జోలికి రాకు, పంక్చర్లేసుకో అంటున్నాడు, చెప్పేయొచ్చుగా, ఆ సారే పట్టుబట్టాడని నన్ను చూపించొచ్చుగా, నాదే పొరపాటండీ అంటున్నాడేమిటి, ఓనరంటే భయమా, ఇటు చూశాడు, ముందు నా పక్కన కూర్చున్న మా ఆవిడని, తర్వాత నన్ను, పరవాలేదన్నట్టు తలాడించాడు, అయ్యో, అదా సంగతి, పెళ్లాం ముందు నా పరువు పోకూడదని.

పాపం పెద్దాయన, మీరెళ్లి కాస్త సర్దిచెప్పండీ అంటోంది మా ఆవిడ, ఏ మొహంతో వెళ్లను, నా పిరికితనం నాకంటే ముందు ఆయనకే కనిపించింది, కోపం తెచ్చుకోవలసినవాడు జాలిపడ్డాడు, నామీద జాలితో ఇరవై ఏళ్ల పనితనాన్ని వదులుకుంటున్నాడు, అది మోసే ఓపిక నాకు లేదు, దానికంటే ఆవిడ చేత వెర్రిమొహం అనిపించుకోవడమే నయం, లేచి తలుపు తీశాను, ఆ అంకె చెప్పింది నేనండీ అన్నాను, ఆవిడకీ వినపడేలా.