ఆయుధపూజ నాడు ఇరుక్కున్న తొడుగు

తూటా తొడుగు డైలోకి సగం వెళ్లాక బిగుసుకుంది. అక్కడే ఆగాల్సింది. ఆగాలని గిరిజకు తెలియదా అంటే, షూటింగ్ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట చెప్పేదే తను. చేతికి గట్టిగా తగిలిందా, ఆపు, వెనక్కి తియ్యి, చూడు అని. కానీ ఇవాళ దసరా. ఇంట్లో చుట్టాలు, పొయ్యి మీద పాయసం, పైగా హాల్లోంచి జనార్ధనరావు అంకుల్ "అమ్మాయ్, ఇంకా ఎంతసేపూ?" అని రెండోసారి కేక. ఆ చిరాకులో ప్రెస్ పిడి మీద ఒళ్లంతా వాల్చి నొక్కింది. తొడుగు పూర్తిగా లోపలికి పోయింది. వెనక్కి లాగబోతే టప్పుమని దాని అంచు తెగి, పిడి ఖాళీగా పైకి తేలింది.

"చచ్చాం," అంది గిరిజ, గరాజ్ గోడలతో.

రీలోడింగ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒకసారి కాల్చిన తూటాకు ఇత్తడి తొడుగు మిగులుతుంది. కాల్పు వేడికి అది కాస్త ఉబ్బుతుంది. దాన్ని ప్రెస్ అనే పిడి యంత్రానికి బిగించిన డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కితే మళ్లీ పాత కొలతకు వస్తుంది. తర్వాత మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకోవడమే. కాకపోతే నొక్కే ముందు తొడుగుకి పల్చగా లూబ్ అనే జిడ్డు రాయాలి. ఎక్కువైతే తొడుగు భుజాల దగ్గర సొట్టలు పడతాయి, తక్కువైతే ఇదిగో, ఇలా ఇరుక్కుంటుంది. గిరిజ నిన్న సాయంత్రమే కూర్చుని, ఒక్కో తొడుగునూ వేళ్ల మధ్య దొర్లించి, మెడ లోపల కూడా తాకించి, ట్రేలో పేర్చి పెట్టుకుంది. మరి ఎందుకు ఇరుక్కున్నట్టు?

ట్రేలోంచి ఇంకోటి తీసి వేళ్లతో తడిమింది. జిడ్డన్నది లేదు. పొడిగా, నున్నగా ఉంది. నడుముకు చిన్న కుంకుమ బొట్టు కూడా ఉంది. తిప్పి చూస్తే ట్రేలో ఉన్నవాటన్నిటికీ బొట్లు.

"మహేంద్రా!"

మొగుడు పట్టుపంచె ఎత్తి పట్టుకుని గరాజ్‌లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "చూశావా, ఎలా మెరుస్తున్నాయో. పూజలో పెట్టే సామాను జిడ్డోడుతూ ఉండకూడదంట, అమ్మ వీడియో కాల్‌లో చెప్పింది. నువ్వు లేచే లోపల అన్నీ తుడిచేసి బొట్లు పెట్టేశా. రైఫిల్ ఎలాగూ సేఫ్‌లోంచి తియ్యనివ్వవు కదా, కనీసం ఇవైనా పూజలో ఉండాలని."

ఏమనాలి ఈ మనిషిని? గిరిజకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భక్తిగా, ప్రేమగా, ఒక్కటి కూడా వదలకుండా కొంప ముంచాడు. విషయం చెప్పగానే ఆ మొహం వాడిపోయింది, పాపం.

రేపు పొద్దున షూటింగ్ రేంజ్‌లో ఆఖరి ఎంపిక. అందులో నెగ్గినవాళ్లు క్లబ్బు తరఫున టౌరంగా ఊళ్లో జరిగే పోటీకి వెళతారు. గిరిజ రెండేళ్లుగా చలికీ వానకీ తడిసిన గడ్డిలో బోర్లా పడుకుని సంపాదించుకున్నది ఆ ఎంపికలో చోటు. ఆవిడ రాకపోతే ఆ చోటు కోసం ఇంకొకడు కాచుకుని ఉన్నాడు. తన పాత రైఫిల్‌కు సరిపడే తూటాలు షాపుల్లో దొరకడం ఎప్పుడో మానేశాయి. డై బాగుపడితే తూటాలు ఉన్నట్టు, లేకపోతే రేపు లేనట్టు. అంతే సంగతి.

ఇంతలో జనార్ధనరావు కూడా గరాజ్ గుమ్మంలోకి వచ్చాడు. ఇదే ఊళ్లో మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఉంటాడు, తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పూజ జరిగినా పెద్దరికం ఆయనదే. మహేంద్ర ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నెలల తరబడి ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. అందుకే ఆయన మాటంటే మహేంద్రకు వేదం.

"పోనీలేమ్మా," అన్నాడు ఆయన. "అమ్మవారే ఆపిందనుకో. ఆడపిల్లకి ఈ తుపాకీల గోల ఎందుకు చెప్పు?"

"అమ్మవారి చేతుల్లో ఏముంటాయి అంకుల్, గరిటెలా?"

ఆయన దగ్గాడు. మహేంద్ర చెప్పుల వంక చూసుకున్నాడు.

"అది కాదమ్మా. పోనీ సోమవారం ఎవరైనా మెకానిక్‌కి చూపిద్దాం. ఇప్పుడు వచ్చి భోజనాలు కానియ్యి."

"సోమవారం నాకేం పని దీంతో? మీరు పదండి, నేనొస్తా."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. గిరిజ చీర కొంగు నడుముకు బిగించి, కళ్లద్దాలు పెట్టుకుంది. డైని ప్రెస్‌లోంచి విప్పి, గుడ్డ చుట్టి బల్లకున్న వైస్ దవడల్లో తలకిందులుగా బిగించింది. ముందు డై మధ్యలో ఉన్న ఉక్కు పుల్లను మరలు తిప్పి వెనక్కి జరిపింది, లేకపోతే డ్రిల్ దానికి తగిలి అదీ పోతుంది. తొడుగు అడుగున ఉన్న చిన్న రంధ్రానికి గురిపెట్టి డ్రిల్ ఆన్ చేసింది. ఇత్తడి రజను బంగారు రంగులో రాలింది. వంకర పోయిందా, డై గోడకు గీత పడి శాశ్వతంగా మూలకు చేరుతుంది. "నెమ్మది, నెమ్మది," అని తనకు తనే చెప్పుకుంది.

వారమంతా ఆఫీసులో ఊళ్లోవాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే ఆవిడ ఉద్యోగం. అక్కడ తప్పు పట్టుకుంటే మెచ్చుకుంటారు. తప్పును చేత్తో పట్టి బయటికి లాగే సుఖం మాత్రం ఈ గరాజ్‌లోనే దొరికింది. దాన్ని వదులుకోమనడానికి అందరికీ ఎంత తేలికో!

రంధ్రం పెద్దదయ్యాక ట్యాప్ అనే మరలు కోసే పనిముట్టు పెట్టి లోపల మరలు కోసింది. పావు చుట్టు ముందుకు, కాస్త వెనక్కి, మళ్లీ ముందుకు. చేతులు నొప్పెట్టాయి. తొడుగు అడుగు మీద సాకెట్ అనే ఒక లావు ఉక్కు గొట్టం బోర్లించి, దాని మీద వాషర్ వేసి, బోల్ట్ దించి స్పానర్‌తో బిగించడం మొదలెట్టింది. బోల్ట్ తిరిగేకొద్దీ తొడుగును పైకి లాగాలి. లాగలేదు. ఇంకా బిగించింది. కిర్రుమంది. మరలు తెగితే ఇక చేసేదేం లేదు. గిరిజ ఊపిరి బిగబట్టి స్పానర్ మీద బరువు పెట్టింది. కీచుమని అరిచి, ఇరుక్కున్న తొడుగు కదిలింది. మరో నాలుగు తిప్పులకు కుంకుమ బొట్టుతో సహా చేతిలోకి వచ్చింది.

డైలోకి టార్చి వేసి చూసింది. ఒక్క గీత లేదు. ద్రావకంతో లోపలంతా శుభ్రంగా తుడిచి, తొడుగు పట్టుకుని హాల్లోకి దాదాపు పరిగెత్తింది.

"వచ్చేసింది!"

ఎవరూ లేవలేదు. మహేంద్ర చేతిలో ఫోన్ ఉంది. గిరిజను చూసి దాన్ని వెనక్కి దాచబోయాడు.

"ఏం చేశావు?"

"క్లబ్బుకి మెసేజ్ పెట్టా. నువ్వు రేపు రాలేవని. అంకుల్ అన్నారు, ముందే చెప్పడం మర్యాద అని..."

"నేనే పెట్టమన్నానమ్మా," అన్నాడు జనార్ధనరావు. "నీ మంచికే."

గిరిజ తన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, టేబుల్ మీద ఉంచింది. క్లబ్బు సెక్రటరీ గ్రాహం ఎత్తాడు.

"గ్రాహం, గిరిజని. నా చోటు ఎవరికైనా ఇచ్చేశావా?"

"కబురు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. మీ ఆయన నువ్వు తప్పుకుంటున్నావన్నాడే?"

"మా ఆయన షూట్ చెయ్యడు. నేను చేస్తాను. నేను తప్పుకోవాలంటే ఆ మాట నా నోటితో నేనే చెబుతా. రేపు వస్తున్నా."

"సరే, నీ చోటు నీదే. పొద్దున్నే రా," అని గ్రాహం పెట్టేశాడు.

"పెద్దవాళ్లం, ఏదో మంచి చెప్పబోతే..." అని జనార్ధనరావు అందుకున్నాడు. గిరిజ ఆయన వైపు తిరగలేదు. నలుగురిలో మొగుణ్ణి మీరు అని పిలిచే అలవాటు ఆవిడది. ఇవాళ పిలవలేదు.

"నువ్వు తుడిచినందుకు నాకు కోపం లేదు మహేంద్రా. తెలియక చేశావు. మెసేజ్ పెట్టావు చూడు, అది తెలిసి చేశావు."

గిరిజ గరాజ్‌లోకి వెళ్లి, డైని ప్రెస్‌కు బిగించి, లూబ్ డబ్బా మూత తీసింది. తొడుగుల మీది బొట్లను ఒక్కొక్కటే తుడిచి, వేళ్ల మధ్య దొర్లిస్తూ రాయడం మొదలుపెట్టింది. కాసేపటికి మహేంద్ర గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"నేనేం చెయ్యను?" అన్నాడు, చాలా చిన్నగా.

గిరిజ మొదటి తొడుగును ప్రెస్‌లో పెట్టి పిడి దించింది. మెత్తగా లోపలికి వెళ్లి, మెత్తగా బయటికి వచ్చింది.

"అంకుల్‌కి అన్నం వడ్డించు," అంది.