పొడిబండ మీద కొర్రమీను

ఉప్పల్ స్టేడియం వెనక కట్టిన కొత్త అపార్టుమెంట్లలో ఈత కొలను అడుగున అసలైతే డాల్ఫిన్ బొమ్మ ఉండాలి. కమిటీ వాళ్లు క్యాటలాగు చూసి మరీ ఏరుకున్నారు. నీలం రంగు ఒళ్లు, నవ్వు మొహం, ముక్కు మీద బంతి. అది డబ్బాల్లో వచ్చి, లారీలోంచి దించేటప్పుడు జారిపడి, వంద ముక్కలైంది. మళ్లీ తెప్పించాలంటే నెల పడుతుందన్నారు. ప్రారంభానికేమో ఇరవై రోజులే ఉంది. "ఏదో ఒక చేప బొమ్మ వెయ్యవయ్యా" అని అసోసియేషన్ ప్రెసిడెంటు గంగాధరరావు మేస్త్రి ఉప్పలయ్యకు చెప్పి చక్కా పోయాడు. ఉప్పలయ్యకు చేపను తినడం తెలుసు గానీ వెయ్యడం తెలియదు. ఆ సంగతి పైకి ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

"నేనేస్త బావా" అంది లక్ష్మీనర్సమ్మ.

ఉప్పలయ్య ఆమెకు మేనబావ. ఇరవై రెండేళ్లుగా ఆయన చేతికింద పని చేస్తోంది. టైల్స్ పరిచేది మేస్త్రి. సిమెంటు కలిపి అందించేది, మోకాళ్ల మీద పాకుతూ జాయింట్లు నింపేది, తుడిచేది, కడిగేది నర్సమ్మ. ఉప్పల్ నుంచి పోచారం దాకా ఆమె మోకాళ్లు అరగని అపార్టుమెంటు లేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు ఫ్లోరింగు చూసి మేస్త్రిని మెచ్చుకుంటారు. జాయింట్లను మెచ్చుకున్న మహానుభావుడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

"నీకేమొస్తది?" అన్నాడు ఉప్పలయ్య.

"సూడు, ఏమొస్తదో."

ఆమెకు వచ్చింది ఒకటే చేప. వాళ్ల నాయన నాచారం చెరువులో వలలు వేసేవాడు. వల అడుగున రాళ్లకు చిక్కుకుంటే మునిగి విడిపించాలి. ఎనిమిదేళ్ల నర్సమ్మ నాయన మొలతాడు పట్టుకుని వెంట మునిగేది. ఒకనాడు నీళ్లలో కళ్లు తెరిచింది. అంతా పచ్చటి వెలుగు. తలకు పైన, నీటి మట్టానికి కాస్త కింద, ఎర్రటి పిల్లలు గుప్పెడు కుంకుమ చల్లినట్టు తిరుగుతున్నాయి. వాటి కింద తల్లి కొర్రమీను, నల్లటి వీపు, పసుపు పొట్ట, రెప్ప వెయ్యని కన్ను. చేయి చాస్తే అందేంత దగ్గర ఉంది. నాయన దాన్ని పట్టలేదు. పిల్లలతో ఉన్న తల్లిని పట్టొద్దని ఆమె చేయి కూడా వెనక్కు లాగాడు. ఇప్పుడు ఆ చెరువులో కళ్లు తెరిచి మునిగేవాళ్లు ఎవరూ లేరు. నర్సమ్మ చూసింది నర్సమ్మ దగ్గరే ఉండిపోయింది.

నీలం టైల్స్ జోలికి ఆమె పోలేదు. మెట్లకు కోసి పారేసిన కడప నల్లబండ ముక్కలు, ఆవరణలో మిగిలిన పసుపు తాండూరు బండ, వంటగదుల ఎర్ర గ్రానైటు తునకలు ఏరింది. అయిదు రోజులు కొలనులోకి దిగుతూ, గట్టెక్కి చూస్తూ, మళ్లీ దిగి సర్దుతూ పరిచింది. నీళ్లలో ఉన్నది గట్టు మీంచి చూసేవాడికి పొట్టిగా, పైకి తేలినట్టు కనబడుతుందని చేపలు పట్టే ఇంటి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే నీళ్లు ఎంత మింగుతాయో అంత ముందే కలిపి, చేపను సాగదీసి వేసింది. తర్వాత పది రోజులు ఆరనిచ్చింది.

ఆదివారం ప్రారంభమనగా శుక్రవారం పొద్దున గంగాధరరావు వచ్చి, బూట్లతోనే ఎండిన కొలనులోకి దిగి, బొమ్మ నడుం మీద నిలబడ్డాడు. చాలాసేపు కిందికి చూశాడు.

"ఇది పాము కదా" అన్నాడు.

"కొర్రమీను సార్."

"ఇంత పొడుగు చేప ఎక్కడుందమ్మా? బూడిద రంగేంటి? చుట్టూ ఈ ఎర్ర రాళ్లేంటి, చీమలా? పిల్లలు దిగే చోట పాముని పెట్టుకుంటామా?"

నర్సమ్మ తడిగుడ్డ తెచ్చి చేప వీపు మీద ఒక్కసారి తుడిచింది. గుడ్డ పోయినంత మేర బూడిద రంగు పోయి నిగనిగలాడే నలుపు లేచింది. "పొడిబండకు రంగుండదు సార్. నీళ్లు వడితేనే తెలుస్తది. జర నీళ్లు నింపి సూడున్రి" అంది.

"తుడిస్తే నల్లపామైంది" అన్నాడు గంగాధరరావు. "ఉప్పలయ్యా, నేను సాయంత్రం వచ్చేసరికి ఇది ఉండొద్దు. పగలగొట్టి ఉత్త నీలం టైల్స్ వేసెయ్."

"అట్లనే సార్" అన్నాడు ఉప్పలయ్య.

నర్సమ్మకు ఒళ్లు మండింది. బొమ్మ బాగాలేదన్నందుకు కాదు, నీళ్లు నింపి చూడకుండానే చెప్పినందుకు. జన్మలో ఒక్కనాడు వాకిట్లో బండ కడిగినవాడైతే ఆ మాట అనేవాడు కాదు. బండ ఎండితే ఎట్లా ఉంటుందో, తడిస్తే ఎట్లా ఉంటుందో ఇల్లు కడిగే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఈయనకు తెలియదు. తెలియనివాడి మాటకు తను తల వంచాలట.

ఉప్పలయ్య సుత్తి పట్టుకొచ్చాడు. నర్సమ్మ వెళ్లి చేప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లెవ్వు నర్సమ్మా. పెద్దోళ్లతోటి మనకెందుకు?"

"నేను లెవ్వ. కొడితే ముందు నన్ను గొట్టు."

"పిచ్చి లేసిందా ఏంది? నాతోటి పని సాలిచ్చుకుంటవా?"

"సాలిచ్చుకుంటగనీ, బావా, ఇరవై రెండేండ్లు నువ్వు పరిసినదాన్ని నేను తుడిసిన. ఒక్కనాడన్న ఇది వంకరున్నదని అన్ననా? ఇయ్యాల నేను పరిసిన. నీళ్లు నింపి సూడుమంటున్న, గంతే."

ఉప్పలయ్య సుత్తి ఎత్తలేదు, కింద కూడా పెట్టలేదు. ఆయన అటూ ఇటూ చూస్తుండగానే నర్సమ్మ లేచి, చకచకా మెట్లెక్కి, పైపు వాల్వు తిప్పేసి, మోటార్లు రెండూ వేసి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది. ఎట్లాగూ ఆదివారానికి నింపాల్సిన నీళ్లే, రెండు రోజులు ముందు నింపితే ఎవరి సొమ్మూ పోదు. "ఇగ కొడ్తవో, మునుగుతవో నీ ఇష్టం" అంది. నీళ్లు మడమలకు వచ్చేసరికి ఉప్పలయ్య గొణుక్కుంటూ గట్టెక్కాడు, మోటార్లు మాత్రం ఆపలేదు.

నీళ్లు నింపాదిగా పెరిగాయి. మధ్యాహ్నానికి పొట్ట దాకా వచ్చాయి. పై అంతస్తుల్లో రంగులు వేసేవాళ్లు కిటికీల్లోంచి తొంగిచూసి నవ్వారు. ఆమె కదల్లేదు. ఛాతీ దాకా వచ్చినప్పుడు లేచి నిలబడింది, అంతే. తిండి లేదు, చలి పుట్టింది, భయం కూడా వేసింది. నీళ్లు నిండాక నిజంగా పామే కనబడితే? ముప్పై ఏడేళ్ల కిందట చూసిన చేప, చెయ్యి తప్పి ఉండొచ్చు. మీంచి చూసేవాడికి తప్ప లోపల నిలబడ్డదానికి ఆ సంగతి తెలియదు.

ఆరింటికి గంగాధరరావు వచ్చి, నిండిన కొలనునూ అందులో నిలబడ్డ మనిషినీ చూసి ఎర్రబడ్డాడు. "నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి?"

"నేనొద్దన్న సార్. ఆమెనే ఇనలే" అన్నాడు ఉప్పలయ్య.

నర్సమ్మ మోటార్లు ఆపించి, మెట్లెక్కి బయటికి వచ్చింది. తను లోపల ఉన్నంతసేపూ నీళ్లు తేరవు. ఇక చేపకు కాపలా ఎవరూ లేరు. చీర నీళ్లు కారుతుండగా ఉప్పలయ్య చేతిలోని సుత్తి తీసుకుని తెచ్చి గంగాధరరావు చేతిలో పెట్టింది.

"నేనైతే పలగ్గొట్ట సార్. పామని మీరే అన్నరు గద, మీరే దిగి కొట్టున్రి" అంది.

ఆయనా పౌరుషం గల మనిషే. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, సుత్తి పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడు కిందికి చూశాడు.

నీళ్లు తేరుకున్నాయి. సాగదీసిన పొడవును నీళ్లు మింగేశాయి. నల్లటి వీపు, పసుపు పొట్ట, నిండు కొర్రమీను కొలను అడుగున ఒత్తిగిలి ఉంది. దానికి మీదుగా ఎర్రటి పిల్లలు. ఆయన కాలు కదిపిన అల వాటి మీదుగా సాగింది, పిల్లలన్నీ ఒక్కసారి చెదిరాయి, తల్లి వాటి వైపు ఒళ్లు తిప్పింది. రెండో మెట్టుకని ఎత్తిన కాలు ఆయన దించలేకపోయాడు. ఒంటికాలి మీద కొంగలా కాసేపు నిలబడి, ఆ కాలు మెల్లగా గట్టు మీదికే తీసుకున్నాడు.

"ఎవరు వేశారిది?" అన్నాడు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.

మేస్త్రి ఉప్పలయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనేసిన" అంది నర్సమ్మ, ఆయన్ను నోరు తెరవనివ్వకుండా. "నా పేరు లక్ష్మీనర్సమ్మ. ఆ సుత్తి ఇటియ్యున్రి సార్."