ముచ్చిక తీసిన పిందెలు

బయాలజీ తప్పినందుకు వేణికి పెద్ద బాధేమీ లేదు. ఆ బయాలజీని కొత్త వదిన దగ్గర నేర్చుకోవాల్సి రావడమే ఆమె కడుపుమంట.

పదో తరగతి దాకా కన్నడంలో చదివిన పిల్ల. శిరసి కాలేజీలో చేరగానే పుస్తకమంతా ఇంగ్లీషైపోయింది. మిరియపు తీగ పోకచెట్టును ఏ వేళ్లతో పట్టుకుని ఎక్కుతుందో ఊహ తెలిసినప్పటినుంచీ తోటలో చూస్తూనే ఉంది. పరీక్షలో ఆ వేళ్ల పేరు అడిగితే మాత్రం కలం నమిలి వచ్చింది. జూన్‌లో మళ్లీ రాయాలి. సరిగ్గా ఆ సమయానికే అన్న త్ర్యంబక పెళ్లి చేసుకుని మైసూరు నుంచి మేదినిని తీసుకొచ్చాడు. మేదిని జీవశాస్త్రంలో బీఎస్సీ. వేణి తల్లి, అంటే ఆయి, ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఇంట్లోనే మేష్టారు దొరికిందే నీకు. ఇంకేం కావాలి?" అంది.

వేణికి ఏం కావాలో అడిగినవాళ్లు లేరు. ఇంట్లో ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆయి పక్కన చోటు ఇన్నాళ్లూ తనది. ఇప్పుడు ఆయి పులుసు దించబోతూ రుచి చూడమని వదిన అరచేతిలో పోస్తోంది. పెనం మీది మొదటి దోసె వదినకి. "కూర్చోమ్మా, నీకెందుకమ్మా శ్రమ" అంటూ మాట మాటకీ ఓ అమ్మ తగిలిస్తోంది. వేణిని పిలిస్తే "ఏమే, చచ్చావా అక్కడ?" అనే పిలుపు. చివరికి కొట్టంలో ఆవు కూడా మేదిని చెయ్యి నాకింది. సిగ్గులేని ఆవు అనుకుంది వేణి.

పాఠం మాత్రం మేదిని బాగా చెప్పేది. అదింకో మంట. మొదటిరోజే పుస్తకం మూయించి పెరట్లోకి లాక్కెళ్లింది.

"ఇదేంటి?"

"ఒందెలగ ఆకు. మజ్జిగలో నూరి తంబుళి చేస్తాం."

"పొద్దున తిన్నాను, ఆ సంగతి తెలుసులే. నేలమీద పాకుతూ, ఆగినచోటల్లా వేరు దించుతోందే, ఆ కాడనేమంటారు?"

"కాడనే అంటారు."

"పరీక్షలో కాడ అని రాస్తే కాడే ఇస్తారు. రన్నర్. అను."

అనక తప్పలేదు. మిరియపు తీగ వేళ్లు అడ్వెంటీషియస్ అయ్యాయి. నెమరేసే ఆవు రూమినెంట్ అయింది. తోక వదిలేసి పారిపోయిన బల్లిని చూపించి, ఆ తోక మళ్లీ మొలవడాన్ని రీజెనరేషన్ అంటారంది మేదిని. తోక పోతే తోక వస్తుంది, ఆయి పక్కన చోటు పోతే ఏమొస్తుంది అనుకుంది వేణి. నేర్చుకోకూడదని పంతం పట్టినా మాటలు మెదడులో అతుక్కుపోతున్నాయి. దాంతో వదిన మీద కోపం రెట్టింపైంది.

అంతలో వాగు ఒడ్డున అప్పె మామిడి పిందె వేసింది. ఆ ఇంట్లో ఏడాది ఏడాదంతా అన్నంలోకి ఆ పిందెల ఊరగాయే. చిన్నప్పటినుంచీ చెట్టు దిగిన గుత్తుల్ని ఆయి, వేణి ఎదురెదురుగా కూర్చుని విడదీసేవారు. పిందె గిల్లి, జీలకర్ర వాసన వస్తోందో లేదో తేల్చేది వేణి ముక్కే. ఆ ఏడు త్ర్యంబక గుత్తులు దించగానే ఆయి బుట్ట తీసుకెళ్లి మేదిని ముందు పెట్టింది.

"నువ్వు చదువుకోవే. మేదిని ఉందిగా సాయానికి" అంది.

కూతురి పరీక్ష మీద బెంగతోనే అందామె. వేణికి మాత్రం కంచం లాక్కున్నట్టే అనిపించింది. అరుగుమీద పుస్తకం తెరిచి పెట్టుకుని, కళ్లు బుట్టమీద పెట్టింది. ఆయి ఇలా కూర్చుందో లేదో కొట్టంలో ఆవు ఈనడానికి అరిచింది. ఆమె చీర చెంగు దోపుకుని అటు పరిగెత్తింది.

మేదిని ఒక్కతే మిగిలింది. మైసూరులో ఊరగాయంటే ముక్కలు కోసి కలిపేదే. ఆమె ఒక్కో పిందెనీ అందుకుని, ముచ్చిక పుటుక్కున విరిచి, సొన కారితే గుడ్డతో తుడిచి, పక్కన పెడుతోంది. శుభ్రంగా ఉండాలని పాపం ఆమె తాపత్రయం. అప్పె పిందెకి అంగుళం తొడిమ ఉంచాలి. తొడిమ విరిగిందా, సొన పోతుంది, పిందె మెత్తబడుతుంది, పక్కవాటినీ చెడగొడుతుంది. ఆ చుట్టుపక్కల ఈ సంగతి తెలియని ఆడపిల్ల ఉండదు.

వేణి నోరు తెరిచింది. ఆయి తనకప్పగించని పనిలో తనకేం పని అనిపించి నోరు మూసుకుంది. మేదిని మధ్యలో తలెత్తి, "ఇలాగేనా వేణీ?" అని కూడా అడిగింది. వేణి పుస్తకంలో పేజీ తిప్పింది. చదువులో మునిగిపోయిందనుకుని మేదిని మళ్లీ అడగలేదు. దూడ పుట్టి ఆయి తిరిగొచ్చేసరికి పిందెలు ఉప్పు పొరల మధ్య జాడీలో పడి, పైన వాసెన కూడా కట్టి ఉంది.

"అప్పుడే అయిపోయిందా? బంగారు చేతులమ్మా నీవి" అంది ఆయి.

వేణి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

రెండు వారాలకు కారం కలుపుదామని ఆయి వాసెన విప్పింది. గుప్పున కుళ్లు వాసన. గరిటె పెడితే పిందెలు ముద్దలా జారాయి. ఆయి ముఖం పాలిపోయింది. అయినా కోడలివైపు తిరిగేసరికి గొంతు తగ్గించింది.

"పోనీలేమ్మా. నీకెలా తెలుస్తుంది? వేణి ఇక్కడే ఉంది కదా, ముచ్చిక ఉంచాలని చెప్పలేదా?"

మేదిని వేణిని చూసింది.

"చెప్పిందత్తయ్యా. నేనే మర్చిపోయాను."

వేణికి ఒళ్లు మండిపోయింది. దోసె వదినకి, ఆవు వదినకి, ఆఖరికి ఈ మంచితనం కూడా వదిన ఖాతాలోకేనా? ఇది మాత్రం దక్కనివ్వకూడదనుకుంది.

"అబద్ధం. నేను చెప్పలేదు. ముచ్చికలు తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇలాగేనా అని అడిగినా పలకలేదు."

ఆయి గరిటె కింద పెట్టి లేచింది. ఇక ఇల్లు దద్దరిల్లింది.

"కళ్లు పుస్తకంలో పెట్టమంటే పిందెలమీద పెట్టావా? పెట్టినదానివి నోరెందుకు తెరవలేదే? మూతి మూరెడు పెట్టుకుని తిరుగుతుంటే పరీక్ష భయమనుకున్నాను, ఇదా నీ రోగం? ఏడాదంతా అన్నంలోకి ఏం వెయ్యను, నీ బయాలజీనా?"

వేణి నిలబడి అంతా పడింది. తల తిప్పి చూస్తే మేదిని కళ్లనిండా నీళ్లు. ఆమె గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్లిపోయింది. వదిన ఏడుపు దగ్గరగా చూడాలన్న దుర్బుద్ధితోనే వేణి వెనకాల వెళ్లింది.

"ఏం, పిందెలు పోయాయనా? నేను చెప్పలేదనా?"

మేదిని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రెండూ కాదు. మీ అమ్మ నిన్ను తిడుతుంటే నాకు కుళ్లొచ్చింది."

"తిడితే కుళ్లా?"

"ఇంత పాడుచేస్తే పోనీలేమ్మా అంది నన్ను. చుట్టాన్ని అన్నట్టు. ఈ ఇంట్లో సరే. పెళ్లైన దగ్గర్నుంచీ మా అమ్మ కూడా తిట్టడం మానేసింది. ఫోన్ చేస్తే బాగున్నావామ్మా అంటుంది. నన్ను ఒసేయ్ అనేవాళ్లు లేరు వేణీ."

వేణి వంటింటివైపు తిరిగి గొంతెత్తింది.

"ఆయీ, వదినకి కూడా రెండు తగిలించు. ముచ్చికలు తీసింది నేనా?"

లోపల చప్పుడాగింది. ఆయి గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. కోడలి ముఖంమీద చూపు ఆగింది.

"నిజమే. ఏమే మేదినీ, అంత చదివినదానివి, కొట్టం దాకా వచ్చి ఒక్క మాట అడిగితే నీ కాళ్లరిగిపోతాయా? తెలియకపోతే అడగాలని తెలియదూ? జాడీడు పిందెలు నేలపాలు చేసి, పైగా నాకే అబద్ధం చెప్తావా? నిలబడి చూస్తావేం? కదులు, ఆ జాడీ తోము. తళతళలాడకపోతే ఇవాళ నీకు తిండి లేదు."

మేదిని దాదాపు పరిగెత్తింది. ఆయి ఆమె వెనకే నూతిదాకా వెళ్లి, పీచు ఇలా పట్టుకోవే, బూడిద అంత పొయ్యకే అని ఇంకా కేకలేస్తూనే ఉంది.

వేణి అరుగుమీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఆయి తననెన్నడూ అంతసేపు తిట్టలేదనిపించింది. కడుపులో మళ్లీ చురుక్కుమంది.