గొంతును కొలిచిన ముల్లు

నేను ఒక ముల్లు మీటరును. అయస్కాంతం మధ్యలో వెంట్రుక కన్నా సన్నని తీగచుట్ట, దానికి అతికించిన నల్లటి ముల్లు, పైన గాజు మూత. నా ఒళ్లంతా ఇంతే. బెంగళూరు కార్ఖానాలో పుట్టి, కొన్నేళ్లు కరెంటు పరీక్షించే ఏదో పెట్టెలో పనిచేసి, అది పాడయ్యాక కాకినాడలో పాత సామాన్ల అంగడికి చేరాను. అక్కడ దావీదు రత్నంగారు నన్ను ఏరుకున్నారు.

ఆయన ఓడరేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో, దూరాన ఉన్నవాళ్లతో గాలిలో మాట్లాడుకునే హామ్ రేడియో సెట్టు ఉండేది. సెట్టు నుంచి ఏరియల్‌కు ఎన్ని వాట్లు పోతున్నాయో చూపే వాట్‌మీటరు కట్టి, అందులో నన్ను బిగించారు. మొదటి రోజే కరెంటు ఎక్కువై నా ముల్లు చివరికంటా కొట్టుకుని వంగింది. ఆయన వెంటనే సెట్టు ఆపి, పట్టకారుతో ముల్లు సరిచేసి, నా తీగచుట్ట రెండు కొసల మధ్య రెండు డయోడ్లు ఎదురెదురుగా అతికారు. ఇక ఎక్కువైన కరెంటు వాటి మీదుగా పోయేది, నా దాకా వచ్చేది కాదు.

రోజూ ఉదయం ఏడింటికి ఆయన ఒంగోలులోని మస్తాన్ వలీతో మాట్లాడేవారు. మస్తాన్ బస్సు డిపోలో మెకానిక్. ఇరవై ఏళ్ల స్నేహంలో వాళ్లు కలుసుకున్నది రెండుసార్లే. రత్నంగారి మాటకు తగ్గట్టు నేను లేచేదాన్ని, వాలేదాన్ని. ఆయన నవ్వితే వణికేదాన్ని.

నా ముల్లును ఆ పూటే బాగుచేసిన మనిషి, తన గొంతు బొంగురుపోతే ఏడు నెలలు డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చివరికి క్యాన్సరని తేలి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఇంటికొచ్చాక ఆయన మైకు ముందు కూర్చునేవారు. ఆ గొంతు కోసం నేను కాచుకుని ఉండేదాన్ని. కాసేపటికి ఆయన లేచి వెళ్లిపోయేవారు.

మస్తాన్ రైలెక్కి వచ్చాడు. రత్నంగారు వాట్‌మీటరును అతని ముందుకు జరిపి పలక మీద రాశారు: "నీది కాలిపోయిందన్నావుగా. ఇది పట్టుకెళ్లు. నాకింక దీంతో పనేముంది?"

మస్తాన్ వాట్‌మీటరును దగ్గరికి తీసుకున్నాడు.

"మీటరు తీసుకుపోతాలే అన్నా. నువ్వు మాత్రం సెట్టు కట్టిపెట్టమాక. పోర్టులో ముప్పై ఏళ్లు వేళ్లతో చుక్కలూ గీతలుగా మోర్సు కొట్టినోడివి. దానికి గొంతెందుకు?"

"నీకు మోర్సు రాదు కదా," అని రాశారు రత్నంగారు.

"నేర్చుకుంటా. నువ్వు మెల్లగా కొట్టాల, అంతే."

రత్నంగారు సరేనన్నట్టు తలూపి పలక తుడిచేశారు. పొడిగుడ్డతో రుద్దితే ముల్లు గాజుకు అతుక్కుంటుందని తడిగుడ్డతో నన్ను తుడిచారు. రైలు కుదుపులకు ముల్లు ఊగిపోకుండా నా రెండు కొసలనూ రాగితీగతో కలిపి కట్టారు.

ఇప్పుడు నేను ఒంగోలులో ఉన్నాను. ఉదయం ఏడింటికి కాకినాడ నుంచి చుక్కలూ గీతలూ సన్నని కూతలుగా వస్తాయి. మస్తాన్ పెన్సిలుతో ఒక్కో అక్షరమే రాసుకుని కూడబలుక్కుంటాడు. "మో... కాళ్ల... నొప్పి... తగ్గిందా." చదివి తనలో తను నవ్వుకుంటాడు.

ఆ కూతల వెనక ఉన్నవి రత్నంగారి వేళ్లేనని నాకు తెలుసు. ఒక్కసారి లేచి పలకరించాలని ఉంటుంది. కానీ ఈ ఇంటి నుంచి బయటికి పోయే మాటకే నేను కదలగలను, దూరం నుంచి వచ్చే మాటకు కాదు. ఆయన కొడుతున్నంతసేపూ నా ముల్లు సున్నా మీదే ఉంటుంది.