తడి ఆరని మూట

యంత్రం తలుపు తెరవగానే వేడి ఆవిరి సిద్దికా ముఖాన కొట్టింది. ఆమె కళ్లు చికిలించిందే గాని పక్కకు జరగలేదు. చేతికి మందపు గుడ్డ చుట్టుకుని, పై అరలోంచి ఒక మూట తీసి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన కంటి ఆపరేషన్ పనిముట్లవి. గుడ్డ మీద అతికించిన టేపుకు నల్లచారలు వచ్చాయి. వేడి తగలాల్సినంత తగిలిందని దానర్థం. ఆ చారలు చూసుకుని మూట అందించేయమని పై నుంచి వచ్చిన మాట. సిద్దికా మాత్రం వేలి వెనక భాగాన్ని గుడ్డకు ఆనించి కాసేపు అలాగే ఉంచింది.

తడిగా ఉంది.

రెండో మూట తీసింది. అదీ అంతే. అడుగు అరలోవయితే పిండితే నీళ్లు కారేటట్టున్నాయి.

గోడలో ఉన్న చిన్న కిటికీ తలుపు టకటకలాడింది. దానికి అవతల ఆపరేషన్ గది. "సిద్దికమ్మా, పన్నెండో నంబరు అయిపోవచ్చింది. పదమూడు రెడీ చెయ్యాలి. మూట ఇవ్వండి," అంది నర్సు నాగజ్యోతి.

"కాలిపోతా ఉందమ్మా. కాస్త చల్లారనీ."

"పది నిమిషాలే. మళ్లీ సార్ నా మీద పడతారు."

కిటికీ మూసుకుంది. సిద్దికా అబద్ధం చెప్పలేదు, అలాగని నిజం మొత్తం చెప్పనూ లేదు. ఈ ఆసుపత్రిలో చేరి రెండేళ్లయింది. నిజాన్ని ముక్కలు చేసి, అవసరమైన ముక్కే బయటపెట్టడం ఇక్కడికి వచ్చాకే అలవాటైంది. గోడకు చెవులున్నాయనే అనుమానం అందరికీ. మూలనున్న కెమెరా చూస్తోందా పాడైందా అన్న సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగు నెలల కిందట కోటేష్ మేనేజరుగా వచ్చాడు. అంతకు ముందు మరమగ్గాల మిల్లు నడిపినవాడు. ఫ్యాక్టరీలో ఖర్చు తగ్గించి సరుకు పెంచినట్టు ఆసుపత్రిలోనూ చేయొచ్చని యజమానులకు చెప్పి చేరాడట. అందులో మంచి లేదనడానికి లేదు. అతను వచ్చాక దూది ఎక్కడుంది, కత్తెర ఎక్కడుంది అని వెతుక్కునే బాధ పోయింది. ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఆ చోటుకు ఒక పేరు. రోగులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీల మీద పడిగాపులు కాయడం తగ్గింది. సిద్దికా కూడా మొదట్లో మెచ్చుకుంది. తరవాత అతను ఫోను పట్టుకుని యంత్రం పక్కన నిలబడి నిమిషాలు చూశాడు. అరగంట సేపు మూటలు ఆరే సమయాన్ని 'ఊరికే కూర్చునే సమయం' అన్నాడు. దాన్ని పది నిమిషాలు చేశాడు. రోజుకు పద్నాలుగు ఆపరేషన్లు ఇరవై ఆరయ్యాయి. ఒక్కో కంటికి అయ్యే ఖర్చు పద్దెనిమిది వందల నుంచి పదమూడు వందలకు దిగిందని వరండాలో బోర్డు మీద రాయించాడు.

ఎర్రబడిన కళ్లు ఎన్నో ఆ బోర్డు మీద లేదు.

ముఖాన నీళ్లు చల్లుకుందామని సిద్దికా వరండాలోకి వచ్చింది. బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ల నుదుళ్ల మీద నంబరు కాగితాలు, కంటి నిండా చుక్కల మందు. ఆ వరసలోంచి ఒక చెయ్యి ఆమె చీర పట్టుకుంది.

"ఆగవే. నడక చూసే పోల్చుకున్నా. సిద్దికా కాదూ నువ్వు?"

వెంకటరావమ్మ. మిరపకాయల గోడౌన్లో తొమ్మిదేళ్లు పక్కపక్కన కూర్చుని తొడిమలు తీసిన మనిషి. తొడిమలు తీసే యంత్రం వచ్చిన రోజు సాయంత్రం నలభై మంది ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని గేటు దాటారు. రేపు కనపడదామని అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. వెంకటరావమ్మ మార్టూరు వైపు కూతురి ఊరికి పోయింది. మూడేళ్లయింది.

"ఇదేందక్కా, ఇక్కడ?"

"పొర కమ్మిందే. అన్నం మెతుకో రాయో నోట్లో పెట్టుకునేదాకా తెలవట్లా. కార్డు మీద డబ్బుల్లేకుండా చేస్తారంటే మా అమ్మాయి ఎక్కించుకొచ్చింది. పదిహేడో నంబరంట నాది." ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఇక్కడ బాగానే చేస్తారా? బస్సులో ఎవరో అంటన్నారు, ఎవరికో కన్ను పోయిందంట గదా."

సిద్దికా చెయ్యి కొంగు ముడి మీదకు పోయింది. "నేను కత్తులు కడిగే కాడ ఉంటానక్కా. ఆ సంగతులు నాకేం తెలుసు?"

"కత్తుల మూటలు కట్టేది నువ్వా? అయితే ఇంకేం భయం లేదు. నీ పసుపు దారం మూట ఏనాడన్నా తిరిగొచ్చిందా?" అని వెంకటరావమ్మ నవ్వి, పక్కనున్న ముసలాయనతో అంది, "మా పిల్లేనండీ. తాలుకాయ ఒక్కటుంటే బస్తా మొత్తం గుమ్మరించే రకం. మేస్త్రి చేత తిట్లు తిని నా చేత కూడా తినిపించింది."

సిద్దికా ముఖం కడుక్కోకుండానే లోపలికి వచ్చేసింది.

గోడౌన్లో ప్రతి మనిషికీ ఒక రంగు దారం ఉండేది. ఎవరు ఏరిన బస్తా మూతికి వాళ్ల దారం. ఒకసారి ఎగుమతి నుంచి నలభై బస్తాలు బూజు పట్టి తిరిగొచ్చాయి. దారాలు చూసి అయిదుగురు ఆడవాళ్లను నిలబెట్టారు. అప్పుడు వెంకటరావమ్మే అడిగింది, అయిదుగురి చేతులకూ ఒకేసారి తెగులొచ్చిందా అని. చూస్తే ఆ నలభయ్యీ ఈశాన్యం మూలన రేకు కారే చోట పేర్చినవే. మేస్త్రి తిట్టుకుంటూనే రేకు మార్పించాడు. తడి ఉన్న కాయను బస్తాకెత్తితే పురుగును చేతులారా పిలిచినట్టేనని ఆ గోడౌన్లో కొత్తగా చేరినదానికి కూడా తెలుసు.

ఆ అలవాటునే సిద్దికా ఇక్కడికి తెచ్చుకుంది. తన మూటలకు పసుపు దారం, రెండో షిఫ్టులో పనిచేసే అఫ్రోజ్ మూటలకు నీలం. వాడిన పనిముట్లు తిరిగి వచ్చేటప్పుడు అవి ఎన్నో నంబరు ఆపరేషన్‌కు వాడారో చీటీ మీద రాసి పంపుతారు. ఆ చీటీకి మూట దారం చుట్టి రేకు డబ్బాలో వేసేది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

ఈ నెలలో మూడు కళ్లు ఎర్రబడి చీము పట్టాయి. రెండు చీటీలకు నీలం దారం ఉంది. మూడోది డబ్బాలో లేదు. అది సిద్దికా కొంగు ముడిలో ఉంది, పదకొండు రోజులుగా.

ఆ చీటీ బాపయ్యది. రెండెకరాల పత్తి రైతు. కట్టు విప్పకుండానే తలస్నానం చేశాడని కాగితం మీద రాసి గుంటూరు పెద్దాసుపత్రికి పంపించారు. "పోసుకోలేదు బాబూ, తడిగుడ్డ కూడా పెట్టలా," అని అతని భార్య సుబ్బరావమ్మ మెట్ల దగ్గర కనపడినవాళ్లందరికీ చెప్పింది. అంబులెన్సు ఎక్కుతూ బాపయ్య చెయ్యి ఊపాడు. ఊపింది భార్య ఉన్న వైపు కాదు, ఎవరూ లేని మందుల కొట్టు గోడ వైపు. ఆ రోజంతా సిద్దికా కళ్ల ముందు ఆ చెయ్యే ఆడింది. సాయంత్రం చీటీ వెతికితే దానికి పసుపు దారం ఉంది.

ఇప్పుడు ముడి విప్పి, డబ్బాలోని రెండింటితో కలిపి మూడు చీటీలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పద్దెనిమిదో నంబరు. ఇరవై నాలుగు. ఇరవై రెండు. ఆసుపత్రిలో పనిముట్ల సెట్లు పన్నెండే. మొదటి పన్నెండు ఆపరేషన్లకూ ముందు రోజు కట్టిన మూటలు వాడతారు. అవి రాత్రంతా ఆరి ఉంటాయి. పదమూడు నుంచే అప్పటికప్పుడు ఉడికించినవి పోతాయి. పన్నెండు లోపు నంబరు ఒక్కటీ ఈ బల్ల మీద లేదు.

మూటలు కట్టినవాళ్లు ఇద్దరు, రేకు కారే మూల ఒక్కటే.

కిటికీ మళ్లీ మోగింది. ఆ వెంటనే వెనక తలుపు తోసుకుని కోటేష్ వచ్చాడు.

"సిద్దికా గారూ, ఏంటి ప్రాబ్లం? టేపుకు చారలు వచ్చాయిగా. ఇచ్చెయ్యండి."

"తడిగా ఉన్నాయి సార్. ఇంకో ఇరవై నిమిషాలు ఆరాల."

"ఆవిరి అన్నాక చెమ్మ ఉండదా? లోపల డాక్టరు గ్లవుజులతో నిలబడి ఉన్నారు. ఒక మిషన్ ఆగితే నిమిషానికి ఎంత నష్టమో మీకు తెలియదు."

"మీ మిల్లులో పోగు తెగితే ఏం చేస్తారు సార్?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కాక అతను అనుమానంగా చూశాడు. "ఏం చేసేదేముంది, మగ్గం దానంతట అదే ఆగుతుంది."

"ఒక్క పోగుకేనా?"

"ఒక్క పోగుకే. ఆగకపోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. ఆ తానంతా దండగ."

"ఇక్కడ మూడు పోగులు తెగినయ్ సార్," అంది సిద్దికా. "మగ్గం ఆగలేదు. మిల్లులో నిమిషాలు లెక్కపెట్టటం తెచ్చారు. ఆగటం తేలేదు."

కోటేష్ చూపు బల్ల మీది చీటీల మీద పడింది. ఒకటి తీసి చూశాడు. అతని ముఖం మారింది. "ఈ దారాలేంటి? బాపయ్యది... ఈ పసుపు ఎవరిది?"

"నాదే సార్."

"అంటే ఆ మూట కట్టింది నువ్వేనా?" 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "పదకొండు రోజులు దాచిపెట్టి ఇప్పుడు మా మీదకు తోస్తున్నావా? ఇది పైకి పోతే ముందు ఉద్యోగం పోయేది నీది. కేసు పడినా నీ మీదే పడుద్ది. ఆ దారాలు ఇటివ్వు."

ఉద్యోగం అంటే నెలకు తొమ్మిదిన్నర వేలు. ఇంటద్దె, భర్త మీరావలి షుగరు మందులు పోను మిగిలేది బియ్యానికి సరిపోతుంది. సిద్దికాకు ఆ లెక్క అడగకుండానే గుర్తొచ్చింది. బాపయ్య ఊపిన చెయ్యి కూడా గుర్తొచ్చింది.

"పడనీండి సార్. తడి మూటని తెలిసే ఇచ్చా. టేపు చూసి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశా. ఆ తప్పు నాదే. నీలం దారం పిల్లదీ అదే తప్పు. మమ్మల్నిద్దర్నీ తీసేసి కొత్తోళ్లని పెట్టుకున్నా వాళ్లూ తడి మూటలే కదా సార్ ఇచ్చేది?"

అంతలో కోటేష్ జేబులో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి తియ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు.

సిద్దికా మూటలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి అరల్లోకి సర్దింది. తలుపు బిగించింది. ఆరే సమయం చూపే ముల్లును పది దాటించి, ఇరవై దాటించి, ముప్పై దగ్గర ఆపింది. తరవాత స్టూలు జరుపుకుని కిటికీకి వీపు ఆనించి కూర్చుని, చెయ్యి వెనక్కి పెట్టి గడియ వేసింది.

"సిద్దికమ్మా," అవతలి నుంచి నాగజ్యోతి పిలిచింది. "పదమూడో మనిషిని బల్ల మీద పడుకోబెట్టేశాం. ఏమైంది?"

"దింపి బయట కూర్చోబెట్టు తల్లీ. ఆరలా ఇంకా."

చెక్క మీద దెబ్బలు ఆమె వీపుకు తగులుతున్నాయి. కోటేష్ చేతిలో ఫోను మోగి ఆగి మళ్లీ మోగింది. అతను దాన్ని చూశాడు, దారాలను చూశాడు, ఏది ముందు తీయాలో తేలనివాడిలా.

వరండాలో గోల మొదలైంది. ఎందుకాగిందని ఎవరో గట్టిగా అడుగుతున్నారు. మూటలు తడిగా ఉన్నాయటని ఇంకెవరో చెబుతున్నారు. ఆ గొంతుల మధ్య వెంకటరావమ్మ గొంతు సిద్దికా పోల్చుకుంది.

"తడుంటే ఆరబొయ్యాల గదయ్యా. దానికి మనిషిని కొట్టినట్టు ఆ తలుపు బాదటమేంది?"

కోటేష్ ఫోను మూడోసారి మోగింది. ముల్లు ఇరవై ఏడు దగ్గర ఉంది.